పిల్లలకు తెగి నెత్తురు కారుతున్నప్పుడు: పది నిమిషాలు చెయ్యి తీయకండి

పిల్లలకు గాజు పెంకు గుచ్చుకుని వేలు తెగినప్పుడు, లేదా పరిగెత్తుతూ బల్ల అంచుకు కొట్టుకుని కనుబొమ్మ చిట్లినప్పుడు, పెద్దవాళ్లు మొట్టమొదట చెయ్యవలసిన పని ఒక్కటే. శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి, గట్టిగా అదిమి, గడియారం చూసుకుంటూ పది నిమిషాల పాటు ఎత్తకుండా ఉండాలి. ప్రథమ చికిత్స నేర్పే ప్రతి చోటా ఈ మాట చెబుతారు, విన్నవాళ్లందరూ తల ఊపుతారు, అవసరం వచ్చిన రోజున మాత్రం అర నిమిషానికొకసారి గుడ్డ ఎత్తి ఆగిందో లేదో చూస్తారు. నేను గమనించినంతలో పిల్లల గాయాల విషయంలో జరిగే పొరపాట్లలో అన్నిటికన్నా సాధారణమైనది ఇదే కనుక, మిగతా విషయాలన్నిటికన్నా ముందు దీని గురించే రాస్తున్నాను.

గుడ్డ ఎత్తి చూస్తే వచ్చే నష్టమేమిటని అడగడం సహజమే. చర్మం తెగిన క్షణం నుంచే శరీరం తన పని మొదలుపెడుతుంది. తెగిన సన్నటి రక్తనాళం మొదట ముడుచుకుంటుంది. తెగిన చోటికి రక్తంలోని ప్లేట్‌లెట్లు అనే సన్నటి కణాలు చేరి, ఒకదానికొకటి అతుక్కుని, రంధ్రాన్ని తాత్కాలికంగా మూస్తాయి. ఆ తరువాత రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్ అనే ప్రొటీను సన్నని దారాలుగా మారి, ఆ మూత చుట్టూ వలలా అల్లుకుని దాన్ని బిగిస్తుంది. ఇదంతా జరగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మనం పైనుంచి అదిమి పట్టినప్పుడు చేసే సాయమల్లా నాళంలోంచి వచ్చే ప్రవాహాన్ని తగ్గించి, కట్టుకుంటున్న గడ్డ కొట్టుకుపోకుండా దానికి కాస్త వ్యవధి ఇవ్వడమే. రెండో నిమిషంలో గుడ్డ ఎత్తితే, అప్పటికే దాని పోగులకు అంటుకుని ఉన్న లేత గడ్డ గుడ్డతో పాటే ఊడివస్తుంది, నెత్తురు మళ్లీ మొదలవుతుంది, లెక్క మళ్లీ సున్నా నుంచి పెట్టుకోవలసి వస్తుంది. ఇలా నాలుగైదుసార్లు ఎత్తి చూసినవాళ్లు "అరగంట నుంచి పట్టుకున్నా ఆగడం లేదండీ" అంటూ ఆసుపత్రికి పరిగెత్తుతారు. అక్కడ నర్సు వచ్చి కదలకుండా పట్టుకోగానే చాలాసార్లు అది ఆగిపోతుంది. అరగంట పట్టుకోవడమూ, పది నిమిషాలు వదలకుండా పట్టుకోవడమూ ఒకటి కావు.

పట్టుకున్న గుడ్డ తడిసిపోతే దాన్ని తీసి పారేయకుండా, దాని మీదే ఇంకో గుడ్డ వేసి ఇంకాస్త బలంగా అదమాలి. రెండోది కూడా తడిసిపోయిందంటే ఒత్తిడి సరైన చోట పడటం లేదని అర్థం. అప్పుడు మాత్రం రెండింటినీ తీసి, నెత్తురు ఎక్కడి నుంచి ఊరుతోందో కళ్లతో చూసి, సరిగ్గా ఆ బిందువు మీద కొత్త గుడ్డతో మళ్లీ మొదలుపెట్టాలి. చాలామంది గాయం చుట్టూ ఉన్న ప్రదేశాన్నంతా అరచేత్తో కప్పి పట్టుకుంటారు. అలా చేస్తే బలమంతా నాలుగు వైపులా పంచుకుపోయి, అవసరమైన చోట ఏమీ మిగలదు. చిన్న గాయానికి రెండు వేళ్ల కొనలతో, నేరుగా తెగిన గీత మీద నొక్కడం ఎక్కువ పనిచేస్తుంది. అదిమేటప్పుడు వెనుక గట్టి ఆధారం ఉండాలి కాబట్టి, చెయ్యి తెగితే దాన్ని బల్ల మీదనో, మన తొడ మీదనో ఆనించి నొక్కాలి. వేలు తెగితే గుడ్డ చుట్టి మన గుప్పిట్లో బిగించి పట్టుకోవాలి.

గుడ్డ అన్నాను కాబట్టి అది ఎలాంటిదో కూడా చెప్పాలి. గాయాలకు కట్టే పల్చటి గాజ్ గుడ్డ ఉంటే అన్నిటికన్నా మంచిది, లేకపోతే ఉతికిన రుమాలో తువ్వాలో చాలు. దూది మాత్రం నేరుగా గాయం మీద పెట్టకూడదు. దాని నూగు తెగిన అంచుల్లో చిక్కుకుపోయి, తరువాత దాన్ని ఏరడం పెద్ద పని అవుతుంది. ముదురు రంగు తువ్వాలు పిల్లలకు ఒక మేలు చేస్తుంది: దాని మీద ఎరుపు కనిపించదు. తెల్ల గుడ్డ మీద పాకుతున్న ఎర్రటి మరకను చూసి ఏడుపు రెట్టింపు చేసే పిల్లలే, ముదురు నీలం తువ్వాలు చుట్టగానే కొంత నెమ్మదిస్తారు. వ్యవధి ఉంటే ముందు మన చేతులు కడుక్కోవాలి, దగ్గర ఉంటే తొడుగులు వేసుకోవాలి. ధారగా కారుతుంటే మాత్రం ముందు నొక్కాలి, కడుక్కోవడం సంగతి తరువాత చూసుకోవచ్చు.

దెబ్బ తగిలిన చేతిని గుండె కన్నా ఎత్తులో ఉంచమని పాత పుస్తకాలన్నీ చెప్పేవి. అలా ఎత్తడం వల్ల రక్తస్రావం ఆగుతుందనడానికి గట్టి ఆధారాలు దొరకనందున ఇప్పటి మార్గదర్శకాలు దానికి పెద్ద ప్రాధాన్యం ఇవ్వడం లేదు. ఎముక విరిగిందన్న అనుమానం లేనప్పుడు ఎత్తి పట్టుకుంటే వచ్చే నష్టం కూడా లేదు. అయితే ఎత్తడం మీద దృష్టి పెట్టి నొక్కడం వదులు చేయకూడదు.

ఇక పిల్లల సంగతి. పది నిమిషాలు పెద్దవాళ్లకే దీర్ఘంగా ఉంటాయి, ఏడుస్తున్న పిల్లవాడికి అవి ఎప్పటికీ గడవవు. వాడు చెయ్యి లాక్కుంటాడు, చూపించమంటాడు, ఇంట్లో నలుగురూ చేరి నాలుగు రకాలుగా మాట్లాడతారు. అందుకని కూర్చునే పద్ధతి కూడా ముఖ్యమే. పిల్లవాణ్ణి ఒడిలో, వాడి వీపు మన రొమ్ముకు ఆనేలా కూర్చోబెట్టుకుంటే, ఒక చేత్తో వాణ్ణి పొదివి పట్టుకుని రెండో చేత్తో గాయాన్ని అదిమి ఉంచవచ్చు. మా పాపకు కనుబొమ్మ పక్కన చిట్లినప్పుడు నేను ఇలాగే కూర్చుని, గోడ గడియారం చూసే పని ఆమెకే అప్పగించాను. "నాన్నా, ఇప్పుడు చూద్దామా?" అని అడిగినప్పుడల్లా "పెద్ద ముల్లు అయిదు మీదకు రానీ తల్లీ, అప్పుడు చెప్పు" అనేవాణ్ణి. ముల్లు కదలడం లేదని రెండుసార్లు ఫిర్యాదు చేసింది, సన్నముల్లు మాత్రం కదులుతోందని తనే కనిపెట్టింది, కాసేపటికి అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టడంలో పడి ఏడవడం మరిచిపోయింది. ముల్లు అయిదు మీదకు వచ్చాక గుడ్డ అంచు తడిపి మెల్లగా తీస్తే, లోపల సన్నటి ఎర్ర గీత ఒకటి కనిపించింది తప్ప చుక్క రాలలేదు.

పిల్లలతో "ఏమీ కాలేదు" అనడం నాకు నచ్చదు. నెత్తురు వాళ్ల కళ్ల ముందే ఉంది, నొప్పి వాళ్లకు తెలుస్తూనే ఉంది, అటువంటప్పుడు ఏమీ కాలేదంటే తరువాత మనం చెప్పేదేదీ నమ్మరు. "చర్మం తెగింది, అందుకే నెత్తురు వస్తోంది, గట్టిగా పట్టుకుంటే ఆగుతుంది, కొంచెం నొప్పి పుడుతుంది" అని ఉన్నదున్నట్టు, గొంతు పెంచకుండా చెబితే మూడేళ్ల పిల్లలు కూడా వింటారు. మన గొంతు వణికితే అది మాత్రం మాటల కన్నా ముందే వాళ్లకు అందుతుంది.

నెత్తురు ఎంత పోయిందన్న అంచనా దాదాపు అందరికీ తప్పుతుంది. నేల మీద పడిన నెత్తురు పరుచుకుంటుంది, నీళ్లతో కలిస్తే గిన్నెడు ఎర్రనీరు అవుతుంది. రెండు మూడు చెంచాల నెత్తురు ఒక చొక్కాను భయం పుట్టేంతగా తడిపేస్తుంది. పిల్లల ఒంట్లో కిలో బరువుకు సుమారు 75 నుంచి 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అంటే పది కిలోల పసివాడికి ఉండేది మొత్తం 800 మిల్లీలీటర్లకు మించదు, పెద్దవాళ్లకైతే అయిదు లీటర్ల దాకా ఉంటుంది. అందుకని రెండు చెంచాలకు భయపడనక్కరలేదు గానీ, పెద్దవాళ్లకు లెక్కలోకి రాని ఒక గ్లాసు నెత్తురు పసివాడికి పెద్ద నష్టమే. పైగా పిల్లల శరీరం చాలాసేపు సర్దుకుంటుంది. గుండె వేగంగా కొట్టుకుంటూ, నాళాలు బిగుసుకుంటూ రక్తపోటును నిలబెట్టుకుంటూ వచ్చి, దాదాపు నాలుగో వంతు రక్తం పోయాక గానీ బయటపడదు, బయటపడ్డాక మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది. ముఖం పాలిపోవడం, చేతులు కాళ్లు చల్లబడి చెమటలు పట్టడం, ఊపిరి వేగం పెరగడం, అంతవరకూ ఏడుస్తున్నవాడు ఉన్నట్టుండి మగతగా అయిపోవడం ఈ స్థితికి గుర్తులు. గట్టిగా ఏడుస్తున్న పిల్లవాడి కన్నా, అలా నిశ్శబ్దమైపోయిన పిల్లవాడి గురించే ఎక్కువ కంగారుపడాలి.

తల మీద, నోటి లోపల తగిలే దెబ్బలు కనిపించినంత ప్రమాదకరం సాధారణంగా కావు. మాడు చర్మంలో రక్తనాళాలు చాలా ఎక్కువ, ఆ చర్మం కింద ఉండే గట్టి పొర వాటి అంచులను లాగి పట్టి ఉంచుతుంది కాబట్టి తెగిన నాళం మామూలుగా ముడుచుకోవలసినంత ముడుచుకోలేదు. అందుకే సెంటీమీటరు చీలికకు కూడా ముఖమంతా నెత్తురు కారుతుంది. అదృష్టవశాత్తూ కింద కపాలం ఉండటం వల్ల నొక్కడానికి ఇంతకన్నా అనువైన చోటు ఒంట్లో మరొకటి లేదు. వేలికి కింద ఎముక లొత్తపడినట్టుగా, మెత్తగా తగిలితే మాత్రం అక్కడ అదమకుండా, గుడ్డతో వదులుగా కప్పి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. స్పృహ తప్పడం, పదే పదే వాంతులు, లేపినా లేవని మత్తు, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటి ద్రవం కారడం కనిపిస్తే పైన ఉన్న గాయం కన్నా లోపలి దెబ్బే పెద్ద విషయం.

నోటి విషయంలో ఒక చిన్న సంగతి చాలామందికి తెలియదు. పై పెదవి లోపలి వైపు నుంచి చిగురుకు కలుపుతూ సన్నటి తెర లాంటి కండ ఒకటి ఉంటుంది, నడక నేర్చే పిల్లలు బోర్లా పడ్డప్పుడు అది తరచూ చిరుగుతుంది. పెదవిని బయటి నుంచి పళ్లకు ఆనించి పది నిమిషాలు నొక్కితే నెత్తురు ఆగిపోతుంది, చాలామందికి కుట్లు లేకుండానే మానిపోతుంది. ఆగిందో లేదో చూద్దామని పెదవి ఎత్తిన ప్రతిసారీ అది మళ్లీ చిరుగుతుంది, కాబట్టి ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పెదవి ఎత్తి చూడటం మానుకోవాలి. ఇంకా నడక రాని పసిబిడ్డకు ఇలా చిరిగితే మాత్రం వైద్యుడికి చూపించి తీరాలి. నాలుక కొరుక్కున్నప్పుడు పిల్లవాణ్ణి ముందుకు వంచి కూర్చోబెట్టి, నోట్లోకి వచ్చేదాన్ని ఉమ్మించాలి. మింగిన నెత్తురు కడుపులో తిప్పి వాంతి అవుతుంది, అది చూసి అందరూ ఇంకా హడలిపోతారు.

ఇవన్నీ మామూలు గాయాల మాటలు. నెత్తురు గుండె లయకు తగ్గట్టు చిమ్ముతున్నా, నేల మీద మడుగు కడుతున్నా, ఆగకుండా ధారగా పోతున్నా అది వేరే కథ. అప్పుడు ఒకరు ఒంటి బరువంతా వేసి నొక్కుతూ ఉండగా ఇంకొకరు అంబులెన్సుకు ఫోను చెయ్యాలి. ఒంటరిగా ఉంటే ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడుతూనే నొక్కాలి. పిల్లవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, చలి తగలకుండా దుప్పటి కప్పాలి. ఆసుపత్రిలో మత్తు ఇవ్వవలసి రావచ్చు కాబట్టి తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకూడదు. చేతికో కాలికో లోతుగా తెగి, చేత్తో నొక్కినా ఆగని ప్రాణాపాయకరమైన రక్తస్రావానికి, రక్తప్రవాహాన్ని ఆపడానికి బిగించే, తయారుగా దొరికే టోర్నికే పట్టీని గాయానికి అయిదు నుంచి ఏడు సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా బిగించి, బిగించిన సమయం రాసి పెట్టి, ఆసుపత్రి చేరేదాకా వదులు చేయకుండా ఉంచాలి. మామూలు తెగిన వేలికి రబ్బరు బ్యాండో దారమో బిగించడం దీనికి పూర్తిగా భిన్నమైన పని. దాని వల్ల మేలేమీ లేదు సరికదా, మరిచిపోతే వేలి కొనకు రక్తం అందకుండా పోతుంది. వేలి కొన పూర్తిగా తెగి పడిపోతే, ఆ ముక్కను తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరబడని సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు కలిపిన నీళ్లలో ఉంచి తీసుకువెళ్లాలి. మంచుగడ్డ నేరుగా తగిలితే కణజాలం గడ్డకట్టి పాడవుతుంది.

నెత్తురు ఆగాక కడగాలి. తెగిన చోటును ధారగా పడే శుభ్రమైన నీటి కింద అయిదు నిమిషాలు ఉంచడం కన్నా మంచి శుభ్రత ఇంట్లో మరొకటి లేదు. తాగడానికి పనికివచ్చే కుళాయి నీటితో కడిగిన గాయాలకు, సెలైన్‌తో కడిగిన గాయాల కన్నా ఎక్కువగా చీము పట్టదని అధ్యయనాలు తేల్చాయి కాబట్టి ప్రత్యేకమైన ద్రావణం కోసం వెతుక్కోనక్కరలేదు. సబ్బు గాయం చుట్టూ ఉన్న చర్మానికి రాయాలి, గాయం లోపలికి పోనివ్వకూడదు. కడిగేటప్పుడు నెత్తురు కొద్దిగా మళ్లీ రావచ్చు, మళ్లీ కాసేపు నొక్కితే సరిపోతుంది. కింద పడి మోకాలు దోక్కుపోయినప్పుడు ఇసుక రేణువులు చర్మంలో ఇరుక్కుంటాయి. వాటిని ఆ రోజే కడిగి, మిగిలినవి స్పిరిట్‌తో తుడిచిన పట్టకారుతో ఏరకపోతే, పైన చర్మం కప్పేసుకున్నాక నల్లని చుక్కలుగా శాశ్వతంగా ఉండిపోతాయి. కుట్లు తప్పనంత పెద్ద గాయానికి ఇంట్లో ఇంత శుశ్రూష అనవసరం, గుడ్డ కప్పి అదిమిపట్టి తీసుకువెళితే మిగతాది వాళ్లే చూసుకుంటారు.

స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, చిక్కటి అయోడిన్ తెరిచి ఉన్న గాయంలో పోయకూడదు. అవి క్రిములతో పాటు గాయాన్ని మాన్పవలసిన కణాలను కూడా చంపుతాయి. మంట పుడితేనే మందు పనిచేస్తున్నట్టన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, దాని వల్ల జరిగే నష్టం ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది: ఒకసారి మంట రుచి చూసిన పిల్లవాడు రెండోసారి దెబ్బ తగిలినప్పుడు దాన్ని మనకు చెప్పకుండా దాచిపెడతాడు. ఏ పొడీ, ఏ ముద్దా గాయంలో కూరకూడదు. అవి నెత్తురుతో కలిసి అట్టకడితే లోతు ఎంతో, అంచులు ఎలా ఉన్నాయో వైద్యుడికి కనిపించదు, అదంతా గోకి తీసే బాధ మళ్లీ పిల్లవాడిదే.

కుట్లు అవసరమా అన్న ప్రశ్నకు గాయం అంచులే జవాబు చెబుతాయి. నెత్తురు ఆగాక చర్మాన్ని కొద్దిగా అటూ ఇటూ కదిపి చూసినప్పుడు అంచులు నోరు తెరుచుకుంటే, లోపల పసుపుపచ్చని కొవ్వో, తెల్లటి నరం లాంటిదో కనిపిస్తే కుట్లు కావాలి. సుమారు ఒకటింబావు సెంటీమీటరు కన్నా పొడవుగా తెగినా, ముఖం మీదైతే అందులో సగం పొడవున్నా చూపించడం మంచిది. కీలు మీద, కనురెప్ప మీద, పెదవి ఎరుపు మొదలయ్యే గీతను దాటుతూ తెగితే పొడవుతో నిమిత్తం లేదు. చేతి వేళ్ల విషయంలో ఇంకో రెండు పరీక్షలు చెయ్యాలి. ప్రతి వేలినీ విడివిడిగా ముడిచి చాపమని అడగాలి, ఆ తరువాత కళ్లు మూయించి వేలి కొనను తాకి ఎక్కడ తాకామో చెప్పమనాలి. ముడవలేకపోయినా, తాకింది తెలియకపోయినా పైకి గాయం ఎంత చిన్నగా ఉన్నా లోపల స్నాయువో (కండను ఎముకకు కలిపే తాడు లాంటిది) నరమో తెగి ఉండవచ్చు. కుట్లు వేయించేందుకు ఆలస్యం చేయకూడదు. ఆరు నుంచి ఎనిమిది గంటల లోపు మంచిదని, ముఖానికి రక్తప్రసారం ఎక్కువ కాబట్టి 24 గంటల దాకా వీలవుతుందని వైద్యులు చెబుతారు.

కుట్లనగానే సూది గుర్తుకు వచ్చి చాలామంది తల్లిదండ్రులు వెనకాడతారు. ఇప్పుడు చాలాచోట్ల మత్తు సూదికి ముందే గాయం మీద పూసే మత్తు జెల్ ఉంది, అరగంట ఆగితే చర్మం మొద్దుబారుతుంది. లోతు లేని, లాగుడు లేని, తిన్నని చీలికలను వైద్యపు జిగురుతో అతికించేస్తారు. ఇది సయనోఅక్రిలేట్ జాతి జిగురు, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని 1998లో అనుమతించింది. ఇంట్లో వస్తువులు అతికించే జిగురూ అదే జాతిది కదా అని దాన్ని వాడకూడదు. అది వేడి పుట్టిస్తుంది, కణజాలాన్ని దెబ్బతీస్తుంది. వైద్యుడు వేసిన జిగురు అయిదు నుంచి పది రోజుల్లో దానంతటదే రాలిపోతుంది. అప్పటిదాకా దాని మీద ఆయింట్‌మెంట్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ రాయకూడదు, రాస్తే జిగురు మెత్తబడి ఊడిపోతుంది. మాడు మీద చిన్న చీలికకు రెండు వైపుల వెంట్రుకలనే పాయలుగా మెలిపెట్టి, మెలిక మీద జిగురు చుక్క వేసే పద్ధతి కూడా ఉంది. గుండు గీయనక్కరలేదు, కుట్లు విప్పనక్కరలేదు.

గాయంలో గాజు ముక్కో కర్రపుల్లో దిగబడి ఉంటే దాన్ని లాగకూడదు. లోపల తెగిన నాళాన్ని అదే మూసి ఉండవచ్చు. దాని చుట్టూ రెండు వైపులా గుడ్డ చుట్టలు పెట్టి, కదలకుండా కట్టి తీసుకువెళ్లాలి. గాజుతో తెగిన గాయం పైకి శుభ్రంగా కనిపించినా ఎక్స్‌రే తీయమని అడగడంలో తప్పులేదు. రెండు మిల్లీమీటర్లు దాటిన గాజు ముక్కలు దాదాపు అన్నీ ఎక్స్‌రేలో కనిపిస్తాయి, అవి రంగు గాజైనా మామూలు గాజైనా ఒకటే. కర్ర ముక్కలు సాధారణంగా కనిపించవు, వాటికి అల్ట్రాసౌండ్ కావలసి వస్తుంది. కుక్క గానీ పిల్లి గానీ కరిచినప్పుడు సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, గాయం చిన్నదే అనుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ అసలు ప్రశ్న నెత్తురు గురించి కాదు, రేబిస్ గురించి.

ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందనుకోవడం ఇంకా పోలేదు. దాన్ని కలిగించే క్లాస్ట్రిడియం టెటని అనే బ్యాక్టీరియా బీజాలు మట్టిలో, దుమ్ములో, జంతువుల పేడలో ఉంటాయి, గాలి తగలని లోతైన గాయంలో అవి పెరుగుతాయి. తుప్పు మేకు ప్రమాదకరం కావడానికి కారణం దాని తుప్పు కాదు, అది మట్టిలో పడి ఉండటమూ, సన్నగా లోతుగా దిగడమూ. తళతళలాడే కొత్త మేకైనా మట్టి అంటుకుని ఉంటే అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ బాల్యంలో మూడు ప్రాథమిక మోతాదులు, కౌమారంలోపు మరో మూడు బూస్టర్లు, మొత్తం ఆరు మోతాదులు సూచిస్తుంది. టీకాలన్నీ సక్రమంగా వేయించిన పిల్లలకు ప్రతి గీరుడుకూ టీటీ సూది అక్కరలేదు. శుభ్రమైన చిన్న గాయమైతే చివరి మోతాదు వేసి పదేళ్లు దాటినప్పుడు, మట్టి అంటిన లేదా లోతైన గాయమైతే అయిదేళ్లు దాటినప్పుడు బూస్టరు వేస్తారు. ఈ లెక్క ఆసుపత్రిలో అడుగుతారు కాబట్టి టీకాల కార్డు ఫోటో ఒకటి ఫోనులో ఉంచుకోవడం మంచిది.

చిన్న గాయాలకు ఇంట్లోనే కట్టు కట్టేటప్పుడు, ఎండనివ్వాలా కప్పి ఉంచాలా అన్న వాదం వస్తుంది. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద జరిపిన ప్రయోగంలో, తేమగా కప్పి ఉంచిన గాయాలు గాలికి ఎండనిచ్చిన వాటికన్నా సుమారు రెట్టింపు వేగంతో కొత్త చర్మం కప్పుకున్నాయని తేలింది. గట్టి పక్కు కడితే కొత్త కణాలు దాని కింద నుంచి దారి వెతుక్కోవలసి వస్తుంది, తేమ ఉంటే నేరుగా పాకుతాయి. అందుకని పల్చగా పెట్రోలియం జెల్లీ రాసి, అతుక్కోని పట్టీ వేసి, రోజుకొకసారీ, తడిసినప్పుడల్లా మార్చాలి. వేలికి కట్టు కట్టాక గోరు నొక్కి వదిలిపెట్టి చూడాలి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రాకపోతే కట్టు బిగుతుగా ఉన్నట్టు. అంటుకుపోయిన కట్టును ఒక్కసారి పీకేయకుండా గోరువెచ్చటి నీళ్లతో తడిపి తీయాలి. వేళ్లు నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు వేలి మీద ప్లాస్టరు వెయ్యకపోవడమే మేలు, అది ఊడి గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. నొప్పికి బరువును బట్టి పారాసెటమాల్ సరిపోతుంది. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు.

రెండో రోజు నుంచి గాయం ఎలా ఉందో చూస్తూ ఉండాలి. అంచుల చుట్టూ సన్నటి ఎరుపు, కొద్దిపాటి వాపు మామూలే. ఆ ఎరుపు రోజురోజుకూ విస్తరిస్తున్నా, నొప్పి తగ్గవలసింది పోయి పెరుగుతున్నా, చీము వచ్చినా, ఎర్రటి చార పైకి పాకుతున్నా, చంకలోనో గజ్జల్లోనో బిళ్ల కట్టినా, జ్వరం వచ్చినా ఆగకుండా చూపించాలి. ఆగిపోయిన నెత్తురు కొన్ని గంటల తరువాత కారణం లేకుండా మళ్లీ మొదలవుతూ, చిన్న గీరుళ్లకు కూడా ఇదే జరుగుతూ, ఒంటి మీద తరచూ కమిలిన మచ్చలు కనిపిస్తూ ఉంటే, రక్తం గడ్డకట్టే గుణంలోనే లోపం ఉందేమో పరీక్ష చేయించాలి. కుట్లను సాధారణంగా ముఖం మీద మూడు నుంచి అయిదు రోజులకు, మాడు మీద ఏడు నుంచి పది రోజులకు, కీళ్ల మీద పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. తీసేనాటికి గాయం పైకి మూసుకున్నట్టు కనిపించినా, మూడు వారాలకు కూడా ఆ చర్మానికి మామూలు బలంలో అయిదో వంతే వస్తుంది కాబట్టి, అదే చోట మళ్లీ దెబ్బ తగిలే ఆటలు కొన్నాళ్లు ఆపించాలి. మచ్చ మీద ఎండ పడితే రంగు ముదిరిపోతుంది, మొదటి ఏడాది ఆ భాగాన్ని బట్టతో కప్పడమో, సన్‌స్క్రీన్ రాయడమో చేస్తే గీత పలచబడి చర్మం రంగులో కలిసిపోతుంది.